పాత వ్యాగన్ఆర్‌కు ఇంజిన్ వేయించాలా, కొత్త కారు కొనాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. 2009 జూన్‌లో కొన్న వ్యాగన్ఆర్ 1.1 పెట్రోల్, ఎంపీఎఫ్ఐ బండి ఉంది. లక్షా అరవై వేల కిలోమీటర్లు తిరిగింది. ఆర్సీ 2029 జూన్ దాకా రెన్యువల్ అయింది. పోయిన నెల నల్లగొండ నుంచి వస్తుంటే రేడియేటర్ పైపు పగిలి ఇంజిన్ బాగా వేడెక్కింది, ఆయిల్ తెల్లబడింది. మెకానిక్ ఫుల్ ఇంజిన్ పనికి 58 వేలు, సెకండ్ హ్యాండ్ ఇంజిన్‌కు 35 వేలు, దాని బదులు మారుతి కే10 ఇంజిన్ ఎక్కిస్తే 75 వేలు అంటున్నాడు. జీతం 42 వేలు. లక్షన్నర ఎఫ్‌డీ ఉంది, 2 లక్షల చిట్టీ సగానికి వచ్చింది. చిట్టీ పాడి, మిగతాది 5 లక్షల లోన్ పెట్టి కొత్త కారు తీసుకుందామని ఇంట్లో అంటున్నారు. ఏది మేలు?

జవాబు: ముందు కొత్త కారు లెక్క చూద్దాం. 5 లక్షల లోన్‌కు వడ్డీ 9.5 శాతం, ఐదేళ్ల గడువు అనుకుంటే నెలకు కిస్తీ దాదాపు 10,500. ఐదేళ్లలో వడ్డీ కిందే లక్షా ముప్పై వేలు పోతుంది. 42 వేల జీతంలో నాలుగో వంతు కిస్తీకి పోయాక చిట్టీ వాయిదా, ఇన్సూరెన్స్, పెట్రోల్ కూడా అందులోంచే రావాలి. పైగా సగంలో ఉన్న చిట్టీని తొందరపడి పాడితే కోత గట్టిగా పడుతుంది. దాన్ని చివరి దాకా నడవనివ్వండి.

ఇక ఇంజిన్. మీరు రాసినదాన్ని బట్టి హెడ్ (ఇంజిన్ పై భాగం) ఇంకా విప్పలేదు. విప్పకుండా చెప్పిన ఎస్టిమేట్ మీద 58 వేలు పెట్టడం సరికాదు. రేడియేటర్ ఖాళీ అయి వేడెక్కిన బండిలో ముందుగా దెబ్బతినేది హెడ్‌కూ కింది బ్లాక్‌కూ మధ్య ఉండే పట్టీ, అంటే హెడ్ గ్యాస్‌కెట్. అది పోతే కూలెంట్ ఆయిల్‌లో కలిసి తెల్లబడుతుంది. హెడ్ అల్యూమినియం కాబట్టి వేడికి వంగుతుంది కూడా. హెడ్ విప్పించి, లేత్ షాపులో స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజ్‌తో చూపించండి. 0.05 మిల్లీమీటర్‌కు మించి సందు ఉంటే ఫేసింగ్ చేయాలి, అంటే అరగదీసి చదును చేయాలి. పగుళ్లు ఉన్నాయేమో ప్రెజర్ టెస్ట్‌లో తేలుతుంది. అదే రోజు కింద ఆయిల్ పాన్ దించి ఒకటి రెండు బేరింగ్ క్యాపులు తీసి చూడమనండి. వాటిలోని షెల్స్ (బేరింగ్ పొరలు) మీద బూడిదరంగు పూత అలాగే ఉంటే కింది భాగం బాగుందన్నట్టు. రాగి రంగు బయటపడితే, పాన్ అడుగున మెరిసే రజను కనిపిస్తే, తెల్లబడ్డ ఆయిల్‌తోనే బండి చాలా దూరం నడిచిందని అర్థం. అప్పుడు పై పనితో సరిపోదు.

పైపు పగలకముందు నీలం పొగ, ఆయిల్ తాగడం లేకపోతే, షెల్స్, సిలిండర్ గోడలు శుభ్రంగా ఉంటే హెడ్ ఫేసింగ్, వాల్వ్ సీల్స్, గ్యాస్‌కెట్ సెట్‌తో పని అయిపోతుంది. 58 వేలలో చిన్న భాగమే ఖర్చవుతుంది. ఈ తనిఖీకి అయ్యే కూలి దండగ కాదు, మీ ఇంజిన్‌నే బాగుచేయించుకుంటే హెడ్ ఎలాగూ విప్పక తప్పదు.

కింది భాగం కూడా పోయిందని తేలితే, 35 వేల ఇంజిన్ కంటే మీ ఇంజిన్‌నే బోర్ కొట్టించి (సిలిండర్లను లోపల తొలిపించి) కట్టించుకోవడం మంచిది. సెకండ్ హ్యాండ్ ఇంజిన్ 35 వేలతో ఆగదు. ఇంజిన్ దించిన చోటే క్లచ్ సెట్, టైమింగ్ బెల్ట్, టెన్షనర్, వాటర్ పంపు, థర్మోస్టాట్, ముందు వెనుక క్రాంక్ ఆయిల్ సీల్స్ మార్చకపోతే త్వరలోనే మళ్లీ దించాల్సి రావచ్చు. కూలి, రవాణా, ఆయిల్ కలిపి ఇంకో 20 వేలు వేసుకోండి, 55 వేలకు చేరుతుంది. 58 వేల ఫుల్ పనికీ దీనికీ తేడా 3 వేలే. ఇంజిన్ నంబరు బ్లాక్ మీదే ఉంటుంది కాబట్టి మీ బ్లాక్ ఉంచుకుంటే ఆర్సీలో నంబరు మారదు. వేరే ఇంజిన్ వేస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోవాలి, ఇన్సూరెన్స్ పాలసీలోనూ మార్పించాలి. అది చేయకుండా తిరిగితే క్లెయిమ్ రోజునో, 2029లో ఫిట్‌నెస్ రోజునో ఇబ్బంది వస్తుంది.

బ్లాక్ పనికిరాక సెకండ్ హ్యాండే కొనాల్సి వస్తే, హైదరాబాద్ ఆటోనగర్‌లో కొన్నా విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా కంప్రెషన్ (సిలిండర్లలో గాలి ఒత్తిడి) గేజ్‌తో చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. నాలుగు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, మంచి బ్యాటరీతో తిప్పాలి. వేడి ఇంజిన్ మీద ప్రతి సిలిండర్‌లో 170 పీఎస్ఐకి పైన ఉండాలి, సిలిండర్ల మధ్య తేడా 15 దాటకూడదు. చల్లటి ఇంజిన్‌లో కాస్త తక్కువ చూపిస్తుంది, తేడానే గమనించండి. ఒక సిలిండర్ తక్కువగా ఉంటే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడమనండి. రీడింగ్ పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వులు గానీ గ్యాస్‌కెట్ గానీ పోయినట్టు. జీఎస్టీ బిల్లు మీద ఇంజిన్ నంబరు రాయించుకోండి, అది ఏ బండిదో ఆ ఆర్సీ రద్దు కాగితం కాపీ అడగండి. కాగితం లేని ఇంజిన్ దొంగబండిదైతే మీ మీదికే వస్తుంది. మీ బండి ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్), వైరింగ్, ఇన్‌టేక్, థ్రాటిల్ బాడీ అలాగే ఉంచి ఇంజిన్ ఒక్కటే మార్చమనండి.

కే10 ఆలోచన మాత్రం వదిలేయండి. మీది 1061 సీసీ, నాలుగు సిలిండర్లు. అది 998 సీసీ, మూడు సిలిండర్లు. మౌంటింగులు, ఈసీఎం, వైరింగ్ అన్నీ మారతాయి, తాళంలో దొంగతనం ఆపే ఇమ్మొబిలైజర్ చిప్ ఉంటే దాన్నీ ఈసీఎంకు జత చేయాలి. ఆర్సీలో సీసీ కూడా తేడా వస్తుంది. ఇంత తిప్పలకు 75 వేలు దండగ.

58 వేలను ఆర్సీకి మిగిలిన 36 నెలలకు పంచితే నెలకు 1,600 పైచిలుకు. ఇది కొత్త కారు కిస్తీలో ఆరో వంతు కూడా కాదు. బాడీకి తుప్పు పట్టి, సస్పెన్షన్ కూడా వదులైపోయి ఉంటే మాత్రం ఈ లెక్క నిలవదు, ఉన్నదున్నట్టు అమ్మేయండి. 2029 తర్వాతి సంగతి ఇందులో కలపొద్దు. 20 ఏళ్లు దాటిన కార్లకు రెన్యువల్ ఫీజును 2025 ఆగస్టులో 10,000కు పెంచారు, గ్రీన్ ట్యాక్స్ వేరే.

డబ్బుకు ఎఫ్‌డీ విరగ్గొట్టొద్దు. ఎఫ్‌డీ మీద లోన్ అడగండి, సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతమే ఎక్కువ ఉంటుంది. నెలకు 5 వేలు కట్టినా దాదాపు ఏడాదిలో తీరిపోతుంది. మెకానిక్‌కు ముందు సామాన్ల డబ్బే ఇవ్వండి, మిగతాది బండి వెయ్యి కిలోమీటర్లు నడిచి మొదటి ఆయిల్ మార్చాక ఇస్తామని ముందే మాట్లాడుకోండి. రేడియేటర్‌ను బయట శుభ్రం చేయించి, కొత్త క్యాప్, కొత్త పైపులు వేయించండి, ఫ్యాన్ సరైన వేడికి తిరుగుతోందో చూడండి. మన వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, గొట్టాల్లో పొర కట్టి దారి మూసేస్తుంది. అందుకే ఆ నీళ్లు పోయకుండా, ముందే నీళ్లు కలిపి అమ్మే కూలెంట్ కొనండి, లేదా కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించండి.