సైన్స్, మెడిసిన్, చరిత్ర: అందరూ చేసేది ఒకే రీసెర్చా?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. సైన్సు వాళ్లు ప్రయోగాలు చేస్తారు, డాక్టర్లు మందులు పరీక్షిస్తారు, మరి చరిత్ర, సాహిత్యం, తత్వశాస్త్రం వాళ్లు చేసేది కూడా రీసెర్చేనా లేక నాలుగు పుస్తకాలు చదివి ఐదోది రాయడమా అన్నది ఒకటి. పీజీ అయ్యాక రీసెర్చ్‌కి వెళ్లాలనుంది, ఇన్ని రంగాల్లో ఎటు వెళ్లాలో ఎలా తేల్చుకోవాలన్నది రెండోది.

మొదటిదానికి జవాబు: రీసెర్చే, అందులో డౌటేం లేదు. కానీ మీ అనుమానం ఊరికే వచ్చింది కాదు, చాలామంది ప్రొఫెసర్లకే పక్క బిల్డింగ్‌లో వాళ్లు ఏం చేస్తారో తెలియదు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు నా సంగతి చెప్పాలి. నేను రీసెర్చర్‌ని కాను. జర్నల్స్‌కి పంపబోయే పేపర్ల భాష సరిచేయడం నా ఉద్యోగం, చాలా ఏళ్లుగా అదే పని. ఒకరోజు గుండె జబ్బుల పేపర్ వస్తుంది, మర్నాడు మధ్యయుగాల పన్ను లెక్కల మీద వస్తుంది, ఆ మర్నాడు ఏదో నాచు మీద. ఏ రంగంలోనూ నాకు లోతు లేదు, ఉందని చెప్పుకోను. అయితే అన్నింటినీ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం మాత్రం రోజూ దొరుకుతుంది, ఆయా రంగాల్లో తలమునకలుగా ఉన్నవాళ్లకి సాధారణంగా దొరకనిది అదే.

అలా చూస్తూ చూస్తూ నాకు అర్థమైంది ఇది. సబ్జెక్టులు వేరన్నది పైకి కనిపించే తేడా. లోపలి తేడా ఏంటంటే, "ఇంత రుజువు చాలు, ఇక నమ్మొచ్చు" అని ఎవరు ఎక్కడ ఆగుతారన్నది. ఆ గీత ఒక్కో రంగంలో ఒక్కోచోట ఉంటుంది, అక్కడే ఎందుకుందో తెలిస్తే ఆ రంగం సగం అర్థమైనట్టే.

ఫిజిక్స్ తీసుకోండి. హిగ్స్ బోసాన్ అనుకుంటున్న కొత్త కణం కనబడిందని 2012 జులై 4న యూరప్‌లోని కణ భౌతికశాస్త్ర ప్రయోగశాల సెర్న్ ప్రకటించింది కదా. అలా ప్రకటించడానికి వాళ్లు పెట్టుకున్న గీత 5 సిగ్మా. అంటే ఆ కణం అసలు లేకపోయినా కేవలం యాదృచ్ఛికంగా అంత బలమైన సంకేతం కనబడే అవకాశం సుమారు 35 లక్షల్లో 1. అదే మెడిసిన్‌కి వస్తే చాలా పేపర్లలో గీత 0.05 దగ్గర ఉంటుంది, అంటే 20లో 1. మొదటిసారి ఈ రెండూ పక్కపక్కన చూసినవాళ్లకి డాక్టర్లు మరీ చూసీచూడనట్టు వదిలేస్తున్నారనిపిస్తుంది. కాస్త ఆలోచిస్తే ఆ మాట అనలేం. కొలైడర్ అనే యంత్రంలో ప్రోటాన్లను కోట్లకు కోట్ల సార్లు ఢీకొట్టించొచ్చు, వాటికి నొప్పి లేదు, మధ్యలో మానేసి ఇంటికి పోవు. రోగుల విషయంలో అది కుదరదు. ఎంతమందిని చేర్చుకోగలమో దానికి హద్దుంది, పైగా మందు నిజంగా పనిచేస్తుంటే ఇంకా గట్టి రుజువు కోసం ఆగిన ప్రతి నెలా ఎవరో ఒకరు నష్టపోతారు.

అందుకని మెడిసిన్ తన జాగ్రత్త అంతా వేరేచోట పెట్టుకుంది. క్షయకు స్ట్రెప్టోమైసిన్ పనిచేస్తుందా అని బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ చేసిన ట్రయల్ 1948లో అచ్చయింది. రోగులు మొత్తం 107 మందే. అప్పట్లో మందు చాలా కొద్దిగా దొరికేది, అందరికీ ఇవ్వడం ఎలాగూ కుదరదు, కాబట్టి ఎవరికివ్వాలో లాటరీ పద్ధతిలో తేల్చడం అన్యాయమనిపించలేదు. ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే గణాంక నిపుణుడు ఆ కేటాయింపు వివరాలు సీలు వేసిన కవర్లలో పెట్టించాడు. రోగిని ట్రయల్‌లోకి తీసుకునే డాక్టరుకు ఆ మనిషి ఏ గుంపులోకి వెళ్తాడో ముందుగా తెలిస్తే, తనకు తెలియకుండానే కాస్త బాగున్నవాళ్లని ఒకవైపు నెట్టేస్తాడు మరి. ఎక్స్‌రేలు చూసినవాళ్లకి కూడా అది ఎవరి ఎక్స్‌రేనో చెప్పలేదు. అంటే అనుమానం వాళ్లకి ప్రకృతి మీద కంటే తమ మీద తమకే ఎక్కువ. 2005 నుంచి ప్రధాన మెడికల్ జర్నల్స్ మరో అడుగు వేసి, ట్రయల్ మొదలుపెట్టకముందే దాన్ని అందరూ చూసేచోట నమోదు చేయకపోతే పేపర్ తీసుకోమని తేల్చేశాయి. ఫలితం వచ్చాక ప్రశ్న మార్చేసే తెలివితేటలు చూపించకుండా.

ట్రయల్ పేపర్ నా దగ్గరికి వస్తే నేను మొదట చూసేది వాక్యాలు కాదు, మొదటి బొమ్మ. డబ్బాలు, బాణాలతో ఒక చార్ట్ ఉంటుంది: ఎంతమందిని పరిశీలించారు, ఎంతమంది పనికిరారని తీసేశారు, రెండు గుంపుల్లోకి ఎంతెంతమంది వెళ్లారు, మధ్యలో ఎంతమంది మానేశారు. పై డబ్బాలో సంఖ్య కింది డబ్బాల మొత్తానికి సరిపోవాలి. సరిపోకపోతే మార్జిన్‌లో ఒక కామెంట్ పెడతాను, అది నా పని కాకపోయినా. అందులో కూడా అందరూ తేలిగ్గా దాటేసే డబ్బా "మధ్యలో మానేసినవాళ్లు". మందు పడక మానేశారా, ఊరు మారి మానేశారా అన్నదాన్నిబట్టి పేపర్ అర్థమే మారిపోతుంది. "వ్యక్తిగత కారణాలు" అని రాసి ఊరుకుంటే నాకైతే నచ్చదు.

గణితం వాళ్లది ఇంకో లోకం. 1998లో థామస్ హేల్స్ అనే గణితవేత్త, గోళాలను ఎలా పేరిస్తే తక్కువ చోటు వృథా అవుతుందన్న కెప్లర్ ఊహకు రుజువు ఇచ్చాడు. అది పెద్ద రుజువు, పైగా కంప్యూటర్ లెక్కల మీద ఆధారపడింది. సమీక్షకులు ఏళ్ల తరబడి తల బద్దలు కొట్టుకుని చివరికి 99 శాతం నమ్మకంగా ఉన్నాం, అంతకంటే చెప్పలేం అన్నారు. ఏ మందు గురించైనా 99 శాతం అంటే పండగ చేసుకుంటారు. గణితంలో మిగిలిన ఆ 1 శాతం ముల్లులా గుచ్చుకుంది. దాంతో హేల్స్ బృందం ప్రతి మెట్టూ కంప్యూటర్‌తో లాంఛనంగా తనిఖీ చేయించే పని పెట్టుకుంది, అది 2014లో పూర్తయింది. అంతకాలం పట్టినా ఎవరూ ఇదేం చాదస్తం అనలేదు.

ఇప్పుడు మీరు అడిగిన హ్యుమానిటీస్. జరిగిపోయినదాన్ని మళ్లీ జరిపించి చూడలేం, ఎంత డబ్బు పోసినా నమూనా సైజు పెరగదు, మిగిలినవి ఎన్ని కాగితాలో అన్నే. మరి రుజువెలా అంటే, మిగిలినవాటినే నిలదీసి అడగడం. రోమ్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ పశ్చిమ సామ్రాజ్యం మీద అధికారాన్ని పోప్‌కి రాసిచ్చాడని ఒక దస్తావేజు ఉండేది, శతాబ్దాల పాటు దాన్ని ఆధారంగా చూపించారు. 1440లో లొరెంజో వల్లా అనే పండితుడు అది దొంగ దస్తావేజని తేల్చాడు. అందులోని లాటిన్ 4వ శతాబ్దపు లాటిన్‌లా లేదు, అప్పటి రోమ్‌లో లేని పదవుల పేర్లు అందులో ఉన్నాయి. ల్యాబ్ లేదు, పరికరం లేదు, భాష ఎప్పుడెలా మారిందో తెలిసిన మనిషి ఉన్నాడు, అంతే. దీన్ని "అభిప్రాయం" అని ఎలా అంటాం చెప్పండి?

ఇక ఈ రంగాలు ఒకదాన్నొకటి ఎంత అంటిపెట్టుకుని ఉన్నాయో చెప్పడానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటుంది. 14వ శతాబ్దంలో యూరప్‌ని ఊడ్చిపెట్టిన ప్లేగు ఎక్కడ మొదలైందన్నది పాత గొడవ. ఇప్పటి కిర్గిజ్‌స్తాన్‌లో ఇస్సిక్‌కుల్ సరస్సు దగ్గర 19వ శతాబ్దం చివర్లో కొన్ని సమాధులు తవ్వారు. రాళ్ల మీద సిరియాక్ లిపిలో చనిపోయిన సంవత్సరం ఉంది. ఫిలిప్ స్లావిన్ అనే చరిత్రకారుడు ఆ రాళ్లను లెక్కేస్తే 1338, 1339 సంవత్సరాల్లో చావులు ఒక్కసారిగా పెరిగాయి, వాటిలో కొన్నింటి మీద మహమ్మారితో పోయారని చెక్కి ఉంది. అక్కడి అస్థిపంజరాలు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో భద్రంగా ఉన్నాయి. జన్యు శాస్త్రవేత్తలు వాటి పళ్లలోంచి డీఎన్‌ఏ తీసి చూస్తే ముగ్గురిలో ప్లేగు బ్యాక్టీరియా ఆనవాళ్లు దొరికాయి, అది కూడా తర్వాత విస్తరించిన ప్లేగు రకాలకు పూర్వీకుడిలాంటి రకం. ఈ పని 2022లో నేచర్ అనే సైన్స్ పత్రికలో అచ్చయింది. ఇందులో ఎవరి పని గొప్పదని అడిగితే నేను చెప్పలేను. డీఎన్‌ఏ లేకపోతే మహమ్మారి అన్నది ఏ జబ్బయినా కావచ్చు. రాళ్లు చదివేవాళ్లు లేకపోతే ఏ పళ్లు తీయాలో తెలియదు, ఫలానా సంవత్సరమని అంత కచ్చితంగా చెప్పడమూ కుదరదు, ఎందుకంటే ఎముకల వయసు లెక్కగట్టే రేడియోకార్బన్ పద్ధతి సాధారణంగా ఇచ్చేది ఈ ఏడాది నుంచి ఆ ఏడాది మధ్య అనే అంచనాయే.

అలాగని అన్నిచోట్లా అంతా బాగుందని అనుకోకండి. సైకాలజీలో 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే మూడో వంతు కంటే కాస్త ఎక్కువవాటిలోనే గణాంకాల లెక్కకు నిలిచే ఫలితం మళ్లీ వచ్చిందని 2015లో సైన్స్ పత్రికలో వచ్చింది, అది చాలామందికి చెంపదెబ్బ. హ్యుమానిటీస్‌లో జబ్బు వేరు. పెద్ద సిద్ధాంతకర్త పేరు పేజీకి మూడుసార్లు వస్తుంది, కానీ కొత్త దస్తావేజు ఒక్కటీ ఉండదు. అలాంటి పేపర్‌లో వాక్యాలు నేను ఎంత నునుపు చేసినా లోపల సరుకు లేదని తెలిసిపోతూనే ఉంటుంది. పేపర్‌లో దమ్ముందా లేదా అని పసిగట్టడానికి నా పద్ధతి అన్ని రంగాలకూ ఒకటే: తమ బలహీనత ఎక్కడ ఒప్పుకున్నారో చూస్తా. మెడికల్ పేపర్లలో దానికంటూ ఒక పేరా ఉంటుంది, చాలాసార్లు అది మొక్కుబడి పేరా, నమూనా చిన్నది, ఒకే ఆసుపత్రిలో చేశాం అని అచ్చుగుద్దినట్టు. మంచి చరిత్ర పేపర్‌లో అది ఫుట్‌నోట్‌లో దాక్కుంటుంది, "ఈ ఉత్తరం నకలే దొరికింది, అసలు ప్రతి దొరకలేదు, తేదీ నకలు రాసినవాడు వేసి ఉండొచ్చు" అని. అలాంటి నోట్ ఒకటి కనబడితే ఆ మనిషి మీద నాకు గౌరవం పెరుగుతుంది.

ఒక రంగం కొలతతో ఇంకో రంగాన్ని కొలిస్తే జరిగే అన్యాయం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు ఈ దారిలోకి వస్తే అది మిమ్మల్నీ తాకుతుంది. హిగ్స్ బరువు లెక్కగట్టి 2015లో రెండు బృందాలు కలిసి వేసిన పేపర్‌కి 5,154 మంది రచయితలు. 33 పేజీల్లో 24 పేజీలు పేర్లు, సంస్థల జాబితాకే పోయాయి. చరిత్రలో ఒక మనిషి ఒక్కడే కూర్చుని ఏళ్ల తరబడి ఒక పుస్తకం రాస్తాడు. మెడిసిన్‌లో మొదటి పేరు, చివరి పేరు ఎవరిదన్న దాని మీద గొడవలే జరుగుతాయి, గణితంలో అక్షర క్రమంలో పెట్టేసి ఊరుకుంటారు. మెడిసిన్‌లో పదేళ్ల కిందటి పేపర్లే ఉదహరిస్తే సమీక్షకులు "కొత్తవి చూడలేదా" అంటారు, చరిత్రలో 60 ఏళ్ల కిందటి వ్యాసాన్ని ఇప్పటికీ ఎదురుగా పెట్టుకుని వాదిస్తారు. ఇవేవీ పట్టించుకోకుండా ఏడాదికి ఎన్ని పేపర్లు, ఎన్ని సైటేషన్లు (వేరేవాళ్లు ఎన్నిసార్లు ఉదహరించారు) అని ఒకే ఎక్సెల్ షీట్‌లో అందరినీ నింపేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక మీ రెండో ముక్క. ఏ రంగానికి స్కోప్ ఉంది లాంటివి నన్నడగకండి, నాకు తెలిసింది పేపర్ల గురించే. ఆ మేరకు ఒక సలహా ఇస్తాను. మీకు ఆసక్తి ఉన్న రెండు మూడు రంగాల్లో ఈమధ్య వచ్చిన పేపర్ ఒక్కొక్కటి తీసుకోండి. సైన్స్, మెడిసిన్ అయితే పద్ధతులు రాసిన భాగం, చరిత్ర, సాహిత్యం అయితే ఫుట్‌నోట్లు, గణితం అయితే రుజువు మధ్యలో రెండు పేజీలు, అంతే చదవండి. ఏళ్ల తరబడి మీరు రోజూ చేయబోయే పని అదే: పిపెట్‌తో అదే కొలత మళ్లీ మళ్లీ తీయడం, లేదా మసకబారిన చేతిరాత ముందు కూర్చోవడం, లేదా ఒక్క అడుగు ముందుకు పడక నెల గడవడం. ఇందులో ఏది మీకు విసుగు పుట్టించలేదో, లేదా తక్కువ విసుగు పుట్టించిందో చూసుకోండి. పేపర్ మొదట్లో ఉండే సారాంశం, అదే అబ్‌స్ట్రాక్ట్, చూసి మాత్రం తేల్చుకోవద్దు, అది అందరూ బాగానే రాస్తారు, రాయకపోతే మాలాంటివాళ్లు బాగుచేసి పెడతారు.