2000 పాయింట్ల టోర్నమెంట్‌కి నా స్పేస్ మెరీన్స్ లిస్ట్ సరిపోతుందా?

చిన్న బొమ్మల సైన్యాలతో టేబుల్ మీద ఆడే యుద్ధ ఆట వార్‌హామర్ 40,000లో మొదటిసారి ఐదు రౌండ్ల టోర్నమెంట్‌కి వెళ్తున్నానన్నారు. మీ లిస్ట్: గ్లాడియస్ టాస్క్ ఫోర్స్ డిటాచ్‌మెంట్ (ఆర్మీకి ఎంచుకునే ప్రత్యేక నియమాల సెట్), రెండు ల్యాండ్ రైడర్లు, మూడు రెడెంప్టర్ డ్రెడ్‌నాట్లు, ఒక రిపల్సర్ ఎగ్జిక్యూషనర్ (ఈ ఆరూ వాహనాలు), ఐదుగురేసి రెండు టెర్మినేటర్ స్క్వాడ్లు, టెర్మినేటర్ ఆర్మర్‌లో ఒక కెప్టెన్, ఐదుగురు హెల్‌బ్లాస్టర్లు, ఐదుగురు ఇంటర్‌సెసర్లు. ఇది గట్టి లిస్టేనా, ఆడకముందే ఎలా అంచనా వేయాలి అని అడిగారు.

గట్టిదే. మధ్యాహ్నం సరదాగా ఆడే గేమ్‌లో ఎదుటివాళ్లకి చెమటలు పట్టిస్తుంది. టోర్నమెంట్‌లో మాత్రం ఐదింట్లో రెండు గెలిస్తే గొప్ప అని నా అంచనా. నేను ఇంగ్లండ్‌లో ఉంటాను, సెలవు దొరికితే నాటింగ్‌హామ్‌లో వార్‌హామర్ వరల్డ్‌కి గానీ దగ్గర్లో జరిగే ఈవెంట్లకి గానీ వెళ్తుంటాను. నాదీ స్పేస్ మెరీన్స్ ఆర్మీయే కాబట్టి మీ లిస్ట్ చూడగానే కొన్ని విషయాలు కళ్లకు కట్టాయి. కింద చెప్పే లెక్కలన్నీ 2023లో వచ్చిన 10వ ఎడిషన్‌వి.

ముందు స్కోరు ఎలా వస్తుందో చూడండి. గేమ్‌కి మొత్తం 100 వీపీ (విక్టరీ పాయింట్లు). ప్రైమరీ మిషన్‌కి 50, సెకండరీలకి (అదనపు లక్ష్యాలకి) 40, ఆర్మీకి రంగులు వేసి బేస్‌లు కూడా పూర్తి చేసి తెచ్చినందుకు 10. చంపడానికి నేరుగా వచ్చే వాటా ఇందులో చిన్నది. టేక్ అండ్ హోల్డ్ మిషన్ తీసుకుంటే, మీ చేతిలో ఉన్న ఒక్కో ఆబ్జెక్టివ్‌కి (టేబుల్ మీద గుర్తుపెట్టిన స్థానానికి) 5, టర్న్‌కి 15 మించదు. మొదటి రౌండ్‌లో (గేమ్ లోపలి రౌండ్ ఇది, టోర్నమెంట్‌ది కాదు) ఏమీ రాదు. రెండో రౌండ్ నుంచి, అదీ మీ కమాండ్ ఫేజ్ (టర్న్‌లో మొదటి దశ) చివర్లో లెక్క కడతారు. అంటే ఈ టర్న్‌లో మీరు ఆబ్జెక్టివ్ మీద నిలబెట్టిన యూనిట్, అవతలివాళ్ల కదలిక, కాల్పులు, ఛార్జ్, కొట్లాట అన్నీ దాటుకుని మళ్లీ మీ కమాండ్ ఫేజ్ దాకా అక్కడే బతికుండాలి. ప్రతి రౌండ్‌లో రెండో టర్న్ తీసుకునే ఆటగాడికి ఐదో రౌండ్‌లో మాత్రం టర్న్ చివర్లో చూస్తారు, అదొక్కటే మినహాయింపు.

ఈ కోణంలో మీ లిస్ట్ చదవండి. ఆబ్జెక్టివ్ మీద ఎవరి ఓసీ (ఆబ్జెక్టివ్ కంట్రోల్) ఎక్కువైతే అది వాళ్లది. ల్యాండ్ రైడర్ ఓసీ 5. ఇంటర్‌సెసర్ ఒక్కొక్కరికి 2, ఐదుగురికి 10. రెండు ల్యాండ్ రైడర్లు ఒకే ఆబ్జెక్టివ్ మీద నిలబడితే ఐదుగురు ఇంటర్‌సెసర్లతో సమానం అన్నమాట. టెర్మినేటర్లకి తలా 1. పైగా ఇంటర్‌సెసర్లు ఒక ఆబ్జెక్టివ్‌ని పట్టుకుని కమాండ్ ఫేజ్ దాటించారంటే, తర్వాత అక్కడినుంచి వెళ్లిపోయినా అవతలివాళ్లు వచ్చి లాక్కునేదాకా అది మీదే. మీ దగ్గర అలాంటి స్క్వాడ్ ఒక్కటే ఉంది. దాన్ని ఇంటి ఆబ్జెక్టివ్ దగ్గర కూర్చోబెడతారు కదా, మరి మధ్యలోకి ఎవరు వెళ్తారు?

సెకండరీల సంగతి ఇంకా కష్టం. టాక్టికల్ కార్డులు తీసుకుంటే ఏ టర్న్‌లో ఏది వస్తుందో తెలియదు. బిహైండ్ ఎనిమీ లైన్స్ వస్తే శత్రువు డిప్లాయ్‌మెంట్ జోన్‌లోకి (సైన్యాన్ని మొదట నిలబెట్టిన చోటికి) యూనిట్లు చేరాలి. ఎంగేజ్ ఆన్ ఆల్ ఫ్రంట్స్ వస్తే టేబుల్‌ని నాలుగు భాగాలుగా చూస్తే వీలైనన్ని భాగాల్లో మనుషులు కావాలి. క్లెన్స్ లాంటిదైతే ఎవరో ఒకరు ఆబ్జెక్టివ్ దగ్గర యాక్షన్ చేయాలి, యాక్షన్ చేసే యూనిట్ ఆ టర్న్‌లో కాల్చదు, ఛార్జ్ చేయదు. రెండొందల పాయింట్లు పోసి కొన్న డ్రెడ్‌నాట్‌ని తుపాకీ దించి యాక్షన్ చేయమంటే ఎవరికైనా ప్రాణం ఒప్పదు. అందుకే అందరూ స్కౌట్లు (చవకైన పదాతి యూనిట్) పెట్టుకుంటారు. ఇంకోపక్క మీ ఆరు వాహనాలు చూసి అవతలివాడు బ్రింగ్ ఇట్ డౌన్‌ని (వాహనాలు చంపితే వీపీ ఇచ్చేది) గేమంతా మారని ఫిక్స్‌డ్ సెకండరీగా తీసుకుంటాడు. ఆ ఆరింటినీ చంపడం ఎలాగూ అతని పని, దానికి మీరే ఎదురు వీపీ ఇస్తున్నారు. రమ్మీలో లైఫ్ లేకుండా చేతిలో ఎన్ని జోకర్లున్నా ఫుల్ కౌంట్ పడుతుంది చూడండి, మీ లిస్ట్ ఇప్పుడు ఆ స్థితిలో ఉంది.

లిస్ట్ రాయగానే నేను చేసే పరీక్ష ఒకటుంది. ఒక టర్న్‌లో నా డైస్ ఒక్కటీ పడలేదు, అవతలివాళ్ల మోడల్ ఒక్కటీ చావలేదు అనుకుంటాను. ఆ టర్న్‌లో నా లిస్ట్ ఎంత స్కోరు తెస్తుంది? ఒక్కో యూనిట్ పేరు ఎదురుగా రెండో రౌండ్‌లో ఎక్కడుంటుంది, మూడో రౌండ్‌లో ఏం చేస్తుంది అని ఒక్కో ముక్క రాస్తాను. "కాల్చుతుంది" అని తప్ప ఇంకేమీ రాయలేని యూనిట్లు మూడు నాలుగు దాటితే లిస్ట్‌లో ఏదో తేడా ఉందని అర్థం. మీ లిస్ట్‌లో నాకు కనీసం ఐదు కనిపిస్తున్నాయి. నైట్స్ (పెద్ద రోబోల ఆర్మీ) తెచ్చిన ఒకతనితో ఆడిన గేమ్‌లో చివరికి నా వైపు మిగిలింది ఒక స్కౌట్ స్క్వాడ్, కొందరు జంప్ ప్యాక్ ఇంటర్‌సెసర్లు. అతని పెద్ద రోబోలు సగానికి పైగా నిక్షేపంగా నిలబడి ఉన్నాయి. స్కోరు మాత్రం నాదే ఎక్కువ. అతను నాలుగో రౌండ్ దాకా స్కోర్‌షీట్ వైపే చూడలేదు, పాపం.

ఇక లెక్కల సంగతి. సగటు లెక్క చేతనైతే చాలా భ్రమలు పోతాయి. ల్యాండ్ రైడర్ మీద ఉండే గాడ్‌హామర్ లాస్‌కానన్లు రెండు, ఒక్కోదానికి రెండు షాట్లు, మొత్తం నాలుగు. స్ట్రెంగ్త్ 12, ఏపీ (ఎదుటివాళ్ల సేవ్‌ని తగ్గించే అంకె) మైనస్ 3, డ్యామేజ్ ఆరు ముఖాల డైస్‌కి ఒకటి కలిపి, అంటే సగటున 4.5. దీన్ని ఎదుటివాళ్ల ల్యాండ్ రైడర్ మీద కాల్చారనుకోండి. దాని టఫ్‌నెస్ 12, సేవ్ 2+ (డైస్ మీద 2 లేదా ఎక్కువ పడితే దెబ్బ తప్పుతుంది), ఊండ్లు 16 (అన్నీ పోతే అది చచ్చినట్టు). తగలడానికి 3+, అంటే మూడింట రెండు. ఊండ్‌కి 4+, అంటే సగం. సేవ్ 2+ కాస్తా 5+ అవుతుంది కాబట్టి అది తప్పేది మూడింట రెండు. అన్నీ గుణిస్తే షాట్‌కి తొమ్మిదింట రెండు వంతులు, దాన్ని 4.5తో గుణిస్తే సరిగ్గా 1. షాట్‌కి ఒక్క ఊండ్! మీ రెండు ల్యాండ్ రైడర్లూ కలిసి ఎనిమిది షాట్లు కాలిస్తే పోయేది ఎనిమిది ఊండ్లు. స్పేస్ మెరీన్స్ ఆర్మీ రూల్ ఓత్ ఆఫ్ మూమెంట్‌తో హిట్ రీరోల్ (తగలని డైస్ మళ్లీ వేయడం) ఒక్కటి కలిపి చూసినా పదకొండు దాటదు. సగం దాకా దెబ్బతిన్న ట్యాంకు పూర్తి ట్యాంకు లాగే కాలుస్తుంది.

సగటు కూడా సగం నిజమే చెప్తుంది. నాలుగు షాట్లలో ఒక్కటీ లోపలికి దిగకపోయే అవకాశం దాదాపు 37 శాతం. మూడు గేముల్లో ఒకసారి మీ మొదటి ల్యాండ్ రైడర్ గాల్లోకి కాల్చినట్టే. రిజర్వ్‌ల (టేబుల్ బయట ఉంచిన యూనిట్ల) నుంచి డీప్ స్ట్రైక్‌లో దిగే టెర్మినేటర్లదీ ఇదే కథ. శత్రువుకి 9 అంగుళాల కంటే దూరంగా దిగాలి, ఛార్జ్‌కి రెండు డైస్ మీద కలిపి 9 లేదా అంతకన్నా ఎక్కువ పడాలి, అది 36లో 10, అంటే 28 శాతం. రెండు స్క్వాడ్లు ప్రయత్నిస్తే కనీసం ఒకటి చేరేది 48 శాతం. దీని మీద గేమ్ ప్లాన్ కట్టుకుంటే మూడో రౌండ్‌కల్లా టెన్షన్‌తో చేతులు చల్లబడతాయి. ర్యాపిడ్ ఇంగ్రెస్ స్ట్రాటజమ్‌కి ఒక సీపీ (కమాండ్ పాయింట్) ఖర్చుపెట్టి అవతలివాళ్ల మూవ్‌మెంట్ ఫేజ్ చివర్లో దించండి. అప్పుడు మీ టర్న్‌లో మామూలుగా నడిచి ఛార్జ్ చేయొచ్చు. లేదా ల్యాండ్ రైడర్‌లో ఎక్కించండి. టెర్మినేటర్ ఒక్కొక్కరికి రెండు సీట్లు, ఐదుగురూ కెప్టెనూ కలిపి 12 సీట్లు, బండి నిండిపోతుంది. బండి కదిలాక దిగి అదే టర్న్‌లో ఛార్జ్ చేయొచ్చు. మీరు ఒక ల్యాండ్ రైడర్‌ని ఉంచుకోవడానికి అసలు కారణం ఇది, దాని లాస్‌కానన్లు ఆ తర్వాతి మాట.

తుపాకీకీ గురికీ జత కుదిరిందో లేదో కూడా చూడండి. పదిమంది ఇంటర్‌సెసర్ల బోల్ట్ రైఫిళ్లతో 20 షాట్లు మామూలు గార్డ్ సైనికుల మీద పడితే ఏడుగురు పోతారు. అవే షాట్లు ఆర్క్ బాయ్జ్ మీద పడితే నలుగురు కూడా పోరు, ఎందుకంటే వాళ్ల టఫ్‌నెస్ 5. ఇక లాస్‌కానన్‌తో ఆర్క్‌ని కొడితే షాట్‌కి ఒక్కడే, డ్యామేజ్ 7 వచ్చినా మిగతా ఆరు వృథా. మీ లిస్ట్ ఆర్క్ గుంపులకి ఎదురుపడితే ఏమవుతుందో దీన్నిబట్టి ఊహించుకోండి. ఇలాంటి లెక్కలకి యూనిట్‌క్రంచ్ లాంటి సైట్లున్నాయి, కాగితం మీద ఒకసారి చేస్తే మాత్రం ఇంకా బాగా ఒంటబడుతుంది.

లిస్ట్ రాసేటప్పుడు చాలామంది పట్టించుకోనిది టెర్రెయిన్. శిథిల భవనాల గోడల్లోంచి పదాతి దళం దూరిపోతుంది, వాహనాలు చుట్టూ తిరిగి రావాలి. ఈ ఆట తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ టోర్నమెంట్ల కోసం టెర్రెయిన్ లేఅవుట్లు ముందే ప్రచురిస్తుంది, మీ ఈవెంట్ ప్యాక్‌లో ఏవి వాడతారో రాసి ఉంటుంది. ఇంట్లో నేల మీద 60 బై 44 అంగుళాలు టేప్‌తో గీయండి, అట్టముక్కలు కత్తిరించి భవనాలు పెట్టండి. మీ ఆరు వాహనాలనీ డిప్లాయ్‌మెంట్ జోన్‌లో అవతలివాళ్ల కంటపడకుండా దాచిచూడండి. నాలుగోదానికే చోటు అయిపోతుందని నా నమ్మకం. మొదటి టర్న్ అవతలివాళ్లదైతే బయట కనిపించే ఆ రెండు మీవి కావనుకోవాలి. దాచినవాటిలో ల్యాండ్ రైడర్ భవనాల మధ్య సందులో పట్టుతుందో లేదో కూడా కొలవండి. పట్టకపోతే గేమంతా అది గోడ వెనకే ఉండిపోతుంది.

ఏం మార్చాలంటే, రిపల్సర్ ఎగ్జిక్యూషనర్‌నీ ఒక రెడెంప్టర్‌నీ తీసేయండి. దాదాపు 400 పాయింట్లు చేతికొస్తాయి. అందులో రెండు స్కౌట్ స్క్వాడ్లు, ఒక జంప్ ప్యాక్ ఇంటర్‌సెసర్ స్క్వాడ్ పెట్టండి. మిగిలినదానితో ఒక ఇన్‌ఫిల్ట్రేటర్ స్క్వాడ్ గానీ ఇంకో ఇంటర్‌సెసర్ స్క్వాడ్ గానీ. స్కౌట్లు చుట్టుపక్కల శత్రువు లేకపోతే అవతలివాళ్ల టర్న్ చివర్లో టేబుల్ మీంచి లేచి రిజర్వ్‌లోకి వెళ్లి, తర్వాత ఇంకో మూల తేలగలరు. సెకండరీలకి ఇంతకంటే చవకైన మనుషులు మీ కోడెక్స్‌లో (ఆర్మీ నియమాల పుస్తకంలో) లేరు. ఇన్‌ఫిల్ట్రేటర్లు ఉంటే వాళ్లకి 12 అంగుళాల లోపల శత్రు రిజర్వ్‌లు దిగలేవు, ఇంటి ఆబ్జెక్టివ్ దగ్గర నిద్రపట్టేలా చేస్తారు. రెండో ల్యాండ్ రైడర్ గురించి నాకు అనుమానమే, అయినా మీకిష్టమైన మోడల్ అని రాశారు కాబట్టి ఉంచుకోండి. రెండు రోజులు నిలబడి ఆడేది మీరు, ఇష్టంలేని బొమ్మలతో ఆడితే మూడో గేమ్‌కే నీరసం వస్తుంది. టోర్నమెంట్ గెలిచినవాళ్ల లిస్ట్ మక్కీకి మక్కీ దింపడం నాకు నచ్చదు కూడా. ఆ లిస్ట్‌లో సగం బలం దాన్ని నెలల తరబడి ఆడిన చేతుల్లో ఉంటుంది.

తర్వాత ప్రాక్టీస్. మూడు రకాల ఆర్మీలతో ఆడండి: ఆర్క్స్, టైరనిడ్స్ లాంటి గుంపు, నైట్స్ లాంటి ఇనుము, ఎల్డారి లాంటి వేగం. దగ్గర్లో ఎవరూ లేకపోతే టేబుల్‌టాప్ సిమ్యులేటర్‌లో ఆన్‌లైన్‌గా ఆడొచ్చు, ఇండియాలో ఉన్న స్నేహితులతో నేను ఎక్కువగా అక్కడే ఆడతాను. గెలిచారా ఓడారా అన్నది పక్కనపెట్టి, రౌండ్ రౌండ్‌కీ ప్రైమరీ ఎంత, సెకండరీ ఎంత అని రాసుకోండి. రెండో రౌండ్‌లో ప్రతిసారీ 5 దగ్గరే ఆగిపోతుంటే మధ్యలోకి వెళ్లేవాళ్లు చాలడం లేదు. నాలుగో రౌండ్‌లో పడిపోతుంటే ముందే అన్నీ పారేసుకుంటున్నారు. ఒకసారికి ఒక యూనిటే మార్చండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. వీలైతే మీ లిస్ట్‌ని స్నేహితుడి చేతికిచ్చి మీరు దానికి ఎదురుగా ఆడండి. మీ లిస్ట్‌లో దేన్ని చూసి మీకే భయం వేయలేదో అప్పుడు తెలుస్తుంది, తీసేయాల్సింది అదే.

గడియారం మర్చిపోకండి. గేమ్‌కి మూడు గంటలిస్తే మీ వాటా తొంభై నిమిషాలు. డిప్లాయ్‌మెంట్ పోను టర్న్‌కి పదిహేను నిమిషాలు మిగులుతాయి. ఫోన్‌లో చెస్ క్లాక్ యాప్ పెట్టుకుని ప్రాక్టీస్ చేయండి. ఈ విషయంలో మీకు కలిసొచ్చేది ఒకటుంది, మీ ఆర్మీలో మోడళ్లు తక్కువ. నేను చెప్పిన మార్పులు చేశాక కూడా యాభైలోపే ఉంటాయి.

లిస్ట్ సబ్మిట్ చేసే ముందు మ్యునిటోరం ఫీల్డ్ మాన్యువల్ (యూనిట్ల పాయింట్ల పట్టిక) తాజా కాపీ తెరిచి పాయింట్లు మళ్లీ కూడండి. ఏడాదిలో చాలాసార్లు మారుతుంటాయి. ఈవెంట్ ప్యాక్‌లో ఏ తేదీ దాకా వచ్చిన మార్పులు లెక్కలోకి వస్తాయో ఉంటుంది, యాప్ చూపించిన మొత్తాన్నే నమ్మకండి. కొత్త స్కౌట్లకి రంగులు వేయడానికి టైమ్ చాలకపోతే ఆ 10 వీపీ పోతాయి, కాబట్టి లిస్ట్ మార్చాలనుకుంటే ఈ వారంలోనే తేల్చుకోండి.