పిప్ తర్వాత ఎవరు?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. డికెన్స్ నవల ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ చదివి చాలా రోజులైనా అందులోని కథానాయకుడు పిప్ నిన్ను వదలడం లేదని రాశావు. ఇకపై ఇంతకంటే కష్టమైన నవలలు చదవాలని ఉంది, ఏవి చదవమంటారని అడిగావు. పేర్లు రాసి పంపడం నాకు చిటికెలో పని. కానీ అలాంటి జాబితాలు చదివే పిల్లలను పుస్తకాలకు దూరం చేయడం చూశాను. ఒక మంచి నవల ఇచ్చిన ఉత్సాహంలో నేరుగా ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ నవల ‘యులిసిస్’ తెరిచి, నాలుగు అధ్యాయాలు దాటకుండానే పెద్ద సాహిత్యం తమ వల్ల కాదని తీర్మానించుకున్నవాళ్లున్నారు. వాళ్లకు తెలివి తక్కువై కాదు. మధ్యలో ఏయే పుస్తకాలు చదవాలో చెప్పినవాళ్లు లేక.

అందుకని ముందు ఒక పని చెయ్యి. ఆ నవలలో నిన్ను కట్టిపడేసింది ఏమిటో తేల్చుకో. బాగుంది అంటే చాలదు, పేజీ తీసి చూపించగలగాలి. నన్నడిగితే లండన్‌లో పిప్ గదికి జో వచ్చే అధ్యాయం తీస్తాను. జో కమ్మరి, పిప్‌కు బావ, చిన్నప్పుడు కడుపులో పెట్టుకుని చూసుకున్న మనిషి. టోపీ ఎక్కడ పెట్టాలో తెలియక చలిమంట గూటి పైఅంచున పెడతాడు. అది జారి పడుతూనే ఉంటుంది, మాట మధ్యలో ఆపి ఆయన దాన్ని పట్టుకుంటూనే ఉంటాడు. తన చేతుల్లో పెరిగిన కుర్రవాణ్ని ‘సర్’ అంటాడు. అనుకోకుండా డబ్బు కలిసొచ్చి దొరబాబుగా మారి ఎదురుగా కూర్చున్న పిప్‌కు చిరాకు, నామోషీ. డబ్బిచ్చి ఈ రాకను ఆపగలిగితే ఇచ్చి ఉండేవాణ్నని మనకు చెప్పేది కూడా పిప్పే. అయితే ఆ కుర్ర పిప్ కాదు, ఏళ్ల తర్వాత వెనక్కి తిరిగి చూస్తున్న పిప్. ఆ గదిలో ఎవరు ఎదిగినవారో, ఎవరు దిగజారారో తెలిసిన పెద్దమనిషి మన పక్కనే నిలబడి చెయ్యి పట్టుకున్నాడన్నమాట.

డికెన్స్ ఈ నవలను 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా తన వారపత్రికలో సీరియల్‌గా వేశాడు. వారం విరామం తర్వాత అందుకునే పాఠకుడు దారి తప్పకూడదు. ఆ చేయి పట్టు అంత గట్టిగా ఉండటానికి అదీ ఒక కారణమని నా నమ్మకం.

నా దృష్టిలో కష్టమైన నవల అంటే ఆ చెయ్యి వదిలేసిన నవల. పుస్తకం లావుకూ, నిఘంటువు వెతికించే పదాలకూ దీనితో పనిలేదు. నీకు నచ్చిన విషయం, అంటే ఎదిగే పిల్లల మనసు, అలాగే ఉండాలి. ఆసరా మాత్రం ఒక్కొక్కటిగా తగ్గాలి.

మొదట హెన్రీ జేమ్స్ 1897లో రాసిన ‘వాట్ మైసీ న్యూ’ చదువు. తల్లిదండ్రులు విడిపోయారు. మైసీ ఆరు నెలలు ఒకరి దగ్గర, ఆరు నెలలు ఇంకొకరి దగ్గర. వాళ్లు ఒకరి మీద ఒకరు కక్కుకునే విషాన్ని ఆ పసిదాని నోట పంపిస్తారు. కొన్నాళ్లకు ఆమె సొంతంగా ఒక ఉపాయం కనిపెడుతుంది. విన్నదేదీ గుర్తులేనట్టు, ఏమీ అర్థం కానట్టు ఉండిపోతుంది. పిల్లకు బుద్ధి మందగించిందని పెద్దవాళ్లు అనుకుంటారు. ఎంత తెలివైన పని! పెద్దయిన మైసీ వచ్చి ఇదంతా మనకు విప్పి చెప్పదు. మాటలు కథకుడివి, చూపు మాత్రం ఆ పిల్లది. ఆమెకు అందనిది మనమే పూరించుకోవాలి. జేమ్స్ వాక్యాలు పొడవు, ఒకటికి రెండుసార్లు చదవాల్సి వస్తుంది. తొందరపడకు.

తర్వాత జాయిస్ 1916లో ప్రచురించిన ‘ఎ పోర్ట్రెయిట్ ఆఫ్ ది ఆర్టిస్ట్ యాజ్ ఎ యంగ్ మాన్’. ఇందులో భాషే పిల్లవాడితో పాటు ఎదుగుతుంది. మొదటి పేజీలో నాన్న చెప్పే ఆవు కథ, పక్క తడిస్తే ముందు వెచ్చగా ఉండి తర్వాత చల్లబడుతుందన్న ఒంటి జ్ఞాపకం. చివరి పేజీలు డైరీ. కథానాయకుడు స్టీఫెన్‌కు ఇప్పుడెన్నేళ్లో వాక్యాల తీరును బట్టి మనమే పోల్చుకోవాలి. మూడో అధ్యాయంలో నరకం మీద ప్రసంగం పేజీల కొద్దీ సాగుతుంది. చాలామంది దాన్ని దాటేస్తారు. నువ్వు దాటవద్దు. ఆ కుర్రవాడి భయం అంత పొడవు వింటేనే అర్థమవుతుంది. 1922లో వచ్చిన ‘యులిసిస్’ మొదటి అధ్యాయాల్లో కనిపించేది ఈ స్టీఫెనే, కాబట్టి అప్పుడు ఆ పుస్తకం నీకు పూర్తిగా కొత్తచోటు కాదు.

ఆలోచన ఎటు పోతే కథ అటు పోయే ఈ పద్ధతి తెలుగులో ఎలా పలుకుతుందో వినడానికి నవీన్ ‘అంపశయ్య’ చదువు. 1969లో వచ్చింది. రవి అనే విద్యార్థి జీవితంలో ఒక్క రోజు, అంతే. తెలుగులో రాయబోయేవాడివి కనుక ఇది తప్పించుకోకు.

ఫాక్‌నర్ ‘ది సౌండ్ అండ్ ది ఫ్యూరీ’ (1929) వీటన్నిటి తర్వాతే. మొదటి భాగం చెప్పే బెంజీకి వయసు ముప్పై మూడు, మనసు ఎదగలేదు. ఏ సంఘటన ముందో, ఏది వెనకో అతనికి తేడా లేదు. పైగా క్వెంటిన్ అనే పేరు ఇద్దరికి ఉంది, ఒకరు మేనమామ, ఒకరు మేనకోడలు. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది కనుక ముందే చెబుతున్నాను. అర్థం కాకపోయినా ఆగకుండా చివరిదాకా వెళ్లి, మళ్లీ మొదటి భాగం చదువు. ముందుగా కథాసారాంశం వెతుక్కోకు. తడుముకోవడం ఈ పుస్తకం ఇచ్చే అనుభవంలో భాగం. పేర్లూ వరసలూ మాత్రం ఒక కాగితం మీద రాసుకో.

వీటిలో ఏదైనా ఎంతకీ లొంగకపోతే పక్కన పెట్టి ఇంకొకటి తియ్యి, కొంతకాలం తర్వాత మళ్లీ పట్టుకో. అనువాదం దొరికితే అనువాదంలో చదవడానికి మొహమాటపడకు.

చదువుతూనే ఒక అభ్యాసం చెయ్యి. ఆ టోపీ సన్నివేశాన్ని నువ్వు మళ్లీ రాయి. పెద్దయిన పిప్ ఉండకూడదు, సిగ్గు అనే మాట రాకూడదు. టోపీ, గది, ఇద్దరి మాటలు మాత్రమే. పాఠకుడికి సిగ్గు తెలిసిందంటే, వివరణ లేకుండా రాయడం నీకు చేతనవుతోందన్నట్టే. డికెన్స్ ఒక రచయిత మిత్రుడి సలహా మీద నవల ముగింపు మార్చాడు. పాత ముగింపును చాలా ప్రతుల్లో చివర అచ్చువేస్తారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు, ఏది ఉంచేవాడివో ఆలోచించు.

మైసీ పూర్తయ్యాక ఉత్తరం రాయి. కథ చెప్పనక్కరలేదు. ఆ పిల్లకు అంతా తెలిసిపోయిందని నీకు ఏ పేజీలో అనిపించిందో, ఆ పేజీలో ఏ వాక్యం అలా అనిపించిందో, అది రాయి.

నీ శ్రేయోభిలాషి