డాక్టరు గారు మళ్ళీ ఎందుకు బతికొచ్చారు?

సీరియల్ రెండో భాగం మొదలై ఎనిమిది వారాలైంది. ఉత్తరాల్లో సగం తిట్లే, అందుకే ఈ వారం ఈ పేజీ వాటికే ఇచ్చేస్తున్నాను. కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు: మొదటి భాగంలో తుఫాను పుట్టించాలని చూసిన వాతావరణ శాస్త్రవేత్త, అదే మన డాక్టరు గారు, డాల్ఫిన్స్ నోస్ కొండ మీంచి సముద్రంలో పడిపోయాడు. రెండో భాగంలో తిరిగొచ్చి, నేను తుఫాన్లు పుట్టించడం మానేశాను, దారి మళ్ళిస్తున్నాను అంటున్నాడు. మే నెలలో నేరుగా వైజాగ్ మీదకి వస్తున్నదాన్ని ఆరో అధ్యాయంలో ఉత్తరానికి తిప్పేశాడు. ఒకప్పుడు ఆయన దగ్గరే చదువుకున్న అమ్మాయి ఇప్పుడు ఆయన్ని వెతుకుతోంది.

*గాజువాక నుంచి ఒక పాఠకుడు: అంత ఎత్తు నుంచి పడ్డవాడు ఎలా బతికాడండీ? చదివేవాళ్ళు వెర్రివాళ్ళా?*

శవం దొరకలేదని రాశాను కదండీ. సీరియల్ రాసేవాడికి ఆ ఒక్క వాక్యం ఇన్సూరెన్సు పాలసీ లాంటిది. కొండ మీంచి పడ్డాడు అన్నాను గానీ ఎక్కడ పడ్డాడో చెప్పలేదు. సరే, మోసమే, ఒప్పుకుంటున్నాను.

*జాలారిపేట నుంచి: ఏడో అధ్యాయంలో మే 20న ఆ అమ్మాయి మరబోటు మీద సముద్రంలోకి వెళ్ళిందని రాశారు. మీరెప్పుడైనా ఫిషింగ్ హార్బర్‌కి వచ్చారా?*

దొరికిపోయాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. మరబోట్లన్నీ హార్బర్‌లో వరసగా కట్టేసి ఉంటాయి. వైజాగ్‌లో పుట్టి పెరిగి ఆ సంగతి మర్చిపోయి రాశానంటే సిగ్గుగానే ఉంది. ఇంజను లేని తెప్పలకు నిషేధం లేదు కదా, తెప్ప మీద పంపిద్దామా అని ఒక్క క్షణం ఆలోచించాను గానీ, తుఫాను వస్తుంటే తెప్ప మీద వెళ్ళే పిల్లని హీరోయిన్ అనరు, ఇంకేదో అంటారు. పుస్తకంగా వచ్చేటప్పుడు ఆ అధ్యాయం మొత్తం మారుస్తాను. ఆమె ఒడ్డునే ఉంటుంది.

*సీతమ్మధార నుంచి: రెండో అధ్యాయంలో హుద్‌హుద్ రోజు గాలి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే వైపు నుంచి కొట్టిందని రాశారు. ఆ రోజు మీరు ఏ ఊళ్ళో ఉన్నారు?*

మీ పక్క వీధిలోనే ఉన్నాను, అదే బాధ. 2014 అక్టోబరు 12. పొద్దున్న ఒక వైపు నుంచి విరుచుకుపడి, మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయింది. హమ్మయ్య అయిపోయిందనుకుని అందరం బయటికొచ్చి ఎవరి రేకులు ఎవరింట్లో పడ్డాయో చూసుకుంటున్నాం, మా కింది వాటా మామ్మగారు మాత్రం లోపలికి రండర్రా ఇంకా అవలేదు అని అరుస్తూనే ఉన్నారు. తుఫాను కన్ను మన నెత్తి మీంచి దాటుతోందని అప్పుడు మాకెవరికీ తట్టలేదు. కాసేపటికి రెండో వైపు నుంచి మొదలైంది, పొద్దున్న సగం ఒరిగిన చెట్లు అప్పుడు పూర్తిగా పోయాయి. తుఫాను సుడి కదా, కన్ను దాటగానే గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. ఇంత అనుభవించి కూడా కథలో తప్పు రాశాను, ఎందుకంటే గాలి సముద్రం మీంచే వస్తుందని రాస్తే చదవడానికి బాగుంటుందని. డాక్టరు గారి జబ్బు నాకూ కొంచెం ఉన్నట్టుంది.

*ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి: తుఫానుని దారి మళ్ళించడం అసలు సాధ్యమా? లేక అంతా ఊహేనా?*

ఊహే. కాకపోతే నా ఊహ కాదు, పెద్దపెద్దవాళ్ళు నిజంగానే ప్రయత్నించారు. 1947 అక్టోబరులో అమెరికాలో ప్రాజెక్ట్ సిర్రస్ అని, విమానంలో వెళ్ళి అట్లాంటిక్‌లో ఒక తుఫాను మీద సుమారు 80 కిలోల డ్రై ఐస్ (గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్) చల్లారు. అది కాస్తా వెనక్కి తిరిగి జార్జియా రాష్ట్రంలో సవానా దగ్గర తీరం దాటింది. ఇంకేముంది, జనం సైంటిస్టుల మీద పడ్డారు. చల్లకముందే అది మలుపు తిరగడం మొదలుపెట్టిందని తర్వాత తేలింది గానీ, ఆ ప్రయోగం వెనక ఉన్న నోబెల్ గ్రహీత ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ మాత్రం అది మా పనే అని నమ్మాడు. నా డాక్టరుకి బీజం అక్కడ పడింది.

ఆ తర్వాత 1962 నుంచి 1983 దాకా స్టార్మ్‌ఫ్యూరీ అని ఇంకో ప్రాజెక్టు. వాన కోసం మేఘాల్లో మందు చల్లడాన్ని మన పేపర్లు మేఘమథనం అని రాసేవే, అందులో వాడే సిల్వర్ అయొడైడ్‌నే తుఫాను కంటి చుట్టూ ఉండే మేఘాల్లో చల్లారు. 1969లో డెబ్బీ అనే తుఫానులో ఒక రోజు గాలి 31 శాతం తగ్గింది. పండగ చేసుకున్నారు. తీరా చూస్తే, తుఫాను కన్ను చుట్టూ ఉన్న మేఘాల గోడ దానంతట అదే కూలి, బయట కొత్తది కట్టుకోవడం మామూలేనట, అప్పుడు గాలి తగ్గుతుందట. పైగా ఆ మందు పనిచెయ్యడానికి కావలసిన అతిశీతల నీరు, అంటే సున్నా డిగ్రీల కన్నా చల్లబడినా గడ్డకట్టని నీరు, తుఫానులో తగినంత ఉండదు. ఇక బలంతో ఆపుదామంటారా, తుఫాను కురిపించే వానతో పాటు విడుదలయ్యే వేడి, ప్రపంచమంతా కలిసి తయారుచేసే కరెంటుకి పదుల రెట్లు.

ఈ స్టార్మ్‌ఫ్యూరీలో నాకు బాగా నచ్చినది ఒక నిబంధన. ఒక రోజులోపు మనుషులున్న తీరం వైపు వచ్చే అవకాశం పది శాతం కన్నా తక్కువ ఉన్న తుఫాన్లనే ముట్టుకోవాలి అని. అందుకే అన్నేళ్ళలో వాళ్ళకి చేతికి చిక్కినవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. మా డాక్టరు ఆ కాగితాన్ని చింపేసినవాడు.

*పలాస నుంచి: వైజాగ్ బాగుండటానికి మేం పోవాలా? మీ డాక్టరుని మెచ్చుకుంటూ మీ ఊరివాళ్ళు రాసిన ఉత్తరాలు కిందటి వారం చదివి ఒళ్ళు మండింది. తిత్లీలో మా తోట మొత్తం పోయింది.*

ఈ ఉత్తరం కోసమే ఎదురు చూశానంటే కోపం తెచ్చుకోకండి. తుఫాను దారి మళ్ళిన అధ్యాయం వచ్చాక నాకు పదిహేడు ఉత్తరాలొచ్చాయి, అన్నీ సిటీ నుంచే, అన్నింట్లో ఒకటే మాట: ఈయన విలన్ ఏంటండీ, దేవుడు. హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి కరెంటు లేక, పాలు దొరక్క క్యూల్లో నిలబడ్డవాళ్ళు అలా రాయడంలో వింత లేదు. నేనూ ఆ క్యూలో నిలబడ్డవాణ్ణే. కానీ ఆ తుఫాను గాల్లో కలిసిపోలేదు, మీ ఉద్దానం వైపు వెళ్ళింది, అది అదే అధ్యాయం చివర్లో ఒకే ఒక్క లైనుగా రాశాను. ఎవరైనా అడుగుతారేమో చూద్దామని. పదిహేడు మందిలో ఒక్కరూ అడగలేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ మీ పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయాయో నేను తర్వాత వచ్చి చూశాను. కూలిన ఇల్లు ఏడాదిలో లేస్తుంది, కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఐదారేళ్ళు. తొమ్మిదో అధ్యాయం ఇప్పటికే రాసేశాను, అది మొత్తం ఒక కొబ్బరి తోటలో జరుగుతుంది. డాక్టరు అక్కడికి వెళ్తాడు, ఎవరూ గుర్తుపట్టరు, ఒక ముసలాయన మంచినీళ్ళిస్తాడు. అంతకన్నా చెప్పను.

*ఒక తల్లి, పెదవాల్తేరు: మా అమ్మాయి ఆంధ్రా యూనివర్సిటీలో మెటియోరాలజీ చదువుతోంది. కథల్లో సైంటిస్టులందరూ పిచ్చివాళ్ళేనా? పిల్లని చుట్టాలు ఆట పట్టిస్తున్నారు.*

అమ్మా, ఆ చుట్టాలకి నా తరఫున నాలుగు తగిలించండి. తప్పు మాలాంటి వాళ్ళదే. మనకి విలన్ అంటే పాత జానపదాల మాంత్రికుడే, గడ్డం తీసేసి తెల్లకోటు తొడిగితే సైంటిస్టు అయిపోతాడు, గుహ స్థానంలో ల్యాబ్ వస్తుంది, నవ్వు మాత్రం అదే. మొదటి భాగంలో నేను చేసింది అచ్చంగా అదే, ఇప్పుడు చదివితే నాకే ఇబ్బందిగా ఉంటుంది. రెండో భాగంలో ఆయన నవ్వడం మానేశాడు, గమనించారా? ఆయన్ని వెతుకుతున్న పిల్ల కూడా అదే సబ్జెక్టు చదివింది. ఇద్దరి లెక్కలూ ఒకటే. తన లెక్క తప్పయితే ఎవరింటి పైకప్పు ఎగిరిపోతుందో ఆ పిల్ల ముందు అడుగుతుంది. మీ అమ్మాయి తప్పులు పట్టి పంపితే సంతోషిస్తాను, రేడియోలో 11వ నంబరు హెచ్చరిక గురించి విన్నట్టు ఐదో అధ్యాయంలో ఉంది, ముందు దాంతో మొదలుపెట్టమనండి. 10 తర్వాత 11 అంటే ఇంకా పెద్ద తుఫాను అని రాశాను. కాదు. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని పోర్టులో ఎగరేసే గుర్తు అది.

*భీమిలి నుంచి: ఎర్రమట్టి దిబ్బల కింద రహస్య ల్యాబ్ అన్నారు. అక్కడ వాన పడితే గోడలు కారిపోతాయి సార్.*

నిజమే. ల్యాబ్ ఖాళీ చేయిస్తున్నాను.

*ఆరో తరగతి, అక్కయ్యపాలెం: మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉంది కదా అంకుల్, డాక్టరు ప్రాణం ఏ చిలకలో ఉంది?*

ఇన్ని ఉత్తరాల్లో అసలైన ప్రశ్న నువ్వే అడిగావురా నాన్నా. హుద్‌హుద్ అన్నా ఒక పక్షి పేరే తెలుసా, ఆ పేరు ఒమన్ దేశం వాళ్ళిచ్చారు, తల మీద కిరీటంలా ఈకలుంటాయి. కానీ మన డాక్టరు ప్రాణం పక్షిలో లేదు. మూడో అధ్యాయంలో మంచం కింద ఒక ఇనప్పెట్టె ఉంది చూడు, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అందులో ఒక నోట్‌బుక్కు, అందులో ఆయన తిప్పకముందే ఆ తుఫాను ఎటు వెళ్ళబోతోందో గీసిన గీత ఉంది. ఆ గీత వైజాగ్ వైపు ఉందా, పలాస వైపు ఉందా? మీ ఇంట్లో ఎవరితోనూ చెప్పకు, పై వారం దాకా ఆగు.