హైడ్రెంట్ (మంటలార్పెతందుకు పెట్టే నీళ్ల పంపు) నీళ్లు ఎవరైనా వాడుకోవచ్చా? దాన్ని చూసుకునుడు ఎవరి పని?

వాడుకోవద్దు. వీడియోలల్ల అమెరికా పిల్లలు దాని కింద తడుసుకుంట ఎగురుతరు గానీ, న్యూయార్క్‌ల దానికి గూడ ఒక పద్ధతున్నది. పెద్దోళ్లు పోయి ఫైర్ స్టేషన్‌ల అడిగితే జల్లు మూత పైస తీసుకోకుండ ఇస్తరు. మూత లేకుంటే నిమిషానికి 1000 గ్యాలన్ల పైన పోయే నీళ్లు, దాంతోని 20–25 గ్యాలన్లే పోతయి.

చూసుకునుడు అంటరా, నా కడుపుమంటంత దానిమీదనే.

నల్లగొండ దిక్కు ఒక పత్తి మిల్లుల పన్నెండేండ్లు గుమస్తా చేసిన. ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం పత్తిల రాయో, ఇనుప ముక్కో వచ్చి జిన్నింగ్ మిషన్ల వడ్డది. రవ్వ లేసింది, కుప్ప అంటుకున్నది. హైడ్రెంట్ కాడికి ఉరికినం. తనిఖీ ఉన్నదని వారం కిందనే ఎర్ర రంగేసిన్రు, నిగనిగ మెరుస్తున్నది. రంగు సందులల్లకు దిగి మూత అతుక్కపోయింది. ఇద్దరు హమాలీలు పైపు పానా వట్టి తిప్పితే ఊడింది. పైపు పెట్టె తెరిస్తే లోపల సద్ది డబ్బాలు, ఒక జత చెప్పులు, అడుగున పైపు. తగిలించి వాల్వ్ తిప్పితే నీళ్లు మంట దిక్కు పోలే, జాయింట్ కాడ గొడుగు లెక్క లేసి మా మొఖాలకే కొట్టినయి. లోపల రబ్బరు వాషర్ లేదు! చాయ్ పైసలంత చేయదు అది.

ఫైరింజను వచ్చింది. అండ్ల పట్టేది 4500 లీటర్లు, రెండు పైపులు వెడితే ఐదారు నిమిషాల్ల ఖాళీ. పత్తి మంట పైన ఆరినట్టే ఉంటది, లోపల కుములుతనే ఉంటది, కుప్ప గుంజి గుంజి తడపాలె. బండి మళ్లా నింపుకొని వచ్చేసరికి సగం కుప్ప బుగ్గయింది.

అందుకే చెప్తున్న, తిప్పకుండ ఇడిసిన హైడ్రెంట్ చచ్చిన హైడ్రెంటే. నెలకోసారి తిప్పాలె. మెల్లగ తెరువాలె, ఇంకా మెల్లగ ముయ్యాలె. దబ్బున మూస్తే పారే నీళ్లు ఎనుకకు తన్ని లైన్ పగులుతది. తుప్పు నీళ్లు పోయి తేటయ్యేదాక ఇడువాలె. వాషర్ చేత్తోని తడిమి చూడాలె, కండ్లతోని కాదు. పైపు ఆరినంకనే చుట్టాలె, లేకుంటే మడతల కాడ మురుగుతది. రాగి కలిసిన గన్‌మెటల్ మూతలైతే రోజూ లెక్కవెట్టుకోవాలె, పాత సామాన్లోళ్లు కొంటున్నన్ని రోజులు అవి ఉండయి.

అయినా బండి లోపలికి వస్తెనే గద ఇదంత. పండుగ ముందట నల్లగొండ ప్రకాశం బజార్ల ఆటోనే తిరుగదు, ఫైరింజను ఏడ తిరుగుతది? షాపు ముందట స్టాండు, దాని ముందట బైకు, దాని ముందట పుచ్చకాయల బండి.

ఇప్పుడుండే అపార్ట్‌మెంట్ల నేనే పోరు వెట్టి నెల నెలా తిప్పిపిస్తున్న. ఆ నీళ్లు చెట్లకే పోతయి. వాచ్‌మన్ మాత్రం ప్రతిసారి అంటడు, “సార్, మంట లేదు గద, ఎందుకు సార్?”