కారియోటైప్ మామూలుగా ఉంటే సరిపోతుందా?

ప్రశ్న: మా బాబుకు మూడేళ్లు. నడక, మాటలు ఆలస్యమయ్యాయి. కారియోటైప్ పరీక్షలో లోపం లేదన్నారు. మళ్లీ పరీక్ష అవసరమా?

జవాబు: అవసరమేనండి. కారియోటైప్‌లో 46 క్రోమోజోములనూ సూక్ష్మదర్శిని కింద చూస్తారు గానీ, సుమారు 50 లక్షల బేస్ జతల (డీఎన్ఏలో అక్షరాల్లాంటి జంటల) కంటే చిన్న ముక్క పోయినా, అదనంగా చేరినా సాధారణంగా అది కంటికి ఆనదు. అటువంటి లోపాలను క్రోమోజోమల్ మైక్రోఅర్రే అనే, డీఎన్ఏను మరింత సూక్ష్మంగా చూసే పరీక్ష పట్టుకుంటుంది. డౌన్ సిండ్రోమ్ వంటి తేలిగ్గా గుర్తించేవాటిని మినహాయిస్తే కారియోటైప్‌తో నూటికి సుమారు ముగ్గురిలోనే కారణం దొరుకుతుండగా, దీనితో 15 నుంచి 20 మందిలో దొరుకుతుంది కనుక, దీన్నే తొలి పరీక్షగా చేయాలని 2010లో అంతర్జాతీయ నిపుణులు సూచించారు. ఫ్రాజైల్ ఎక్స్ (పిల్లల ఎదుగుదల, తెలివితేటలు మందగించే ఒక జన్యు లోపం) మాత్రం ఇందులో తెలియదు, దానికి వేరే పరీక్ష అడగండి. తేడా ఏదైనా కనిపిస్తే, అది మీలో ఒకరి నుంచి వచ్చిందో, బాబులోనే కొత్తగా ఏర్పడిందో తేల్చడానికి మీ ఇద్దరి రక్తమూ పరీక్షించాలి. ఈలోగా స్పీచ్ థెరపీ, ఫిజియోథెరపీ ఆపవద్దు.