ఇంటి వెనుక పాత రైలు లైను ట్రైల్ అయితే, ఆ నేల ఎవరిది?

ప్రశ్న: 2021లో ఒహాయోలో ఇల్లు కొన్నాం. పెరడు దాటగానే రైళ్లు నడవని పాత లైను ఉంది. దాని పక్కనే మా అమ్మ గోంగూర, సొరపాదు వేసింది. ఆ లైనుపై 2023లో ఏదో నోటీసు వచ్చిందట. ఇప్పుడు పట్టాలు తీసి నడకకూ సైకిళ్లకూ బాట (ట్రైల్) వేస్తామంటున్నారు. ‘రైలు ఆగిపోతే నేల మనదే, కంచె వేసెయ్’ అంటున్నాడు పక్కింటాయన. నిజమేనా? పరిహారం ఏమైనా వస్తుందా?

జవాబు: దయచేసి కంచె మాత్రం వేయకండి. రైళ్లు ఆగిపోవడం వేరు, కంపెనీ ఆ లైనును చట్టప్రకారం వదులుకోవడం వేరు. 1983లో అమెరికా కాంగ్రెస్ ట్రైల్స్ చట్టాన్ని సవరించి ఈ రెంటికీ మధ్య ఒక దారి తెరిచింది. మళ్లీ ఎప్పుడైనా రైలు అవసరం పడవచ్చు కాబట్టి, లైను దారిని ముక్కలు కానివ్వకుండా ఉంచి, అందాకా ట్రైల్‌గా వాడుకోనిస్తారు. దీన్ని రైల్‌బ్యాంకింగ్ అంటారు. రైలు కంపెనీ ఒప్పుకోవాలి. ట్రైల్ నడిపేవారు దాని నిర్వహణ, పన్నులు, చట్టపరమైన బాధ్యత నెత్తిన వేసుకోవాలి. ఆ లైనుపై వచ్చిందంటున్న నోటీసు, రైలు లైన్లను పర్యవేక్షించే ఫెడరల్ సంస్థ సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డు, వీరిద్దరి మధ్య బేరసారాలకు అనుమతిస్తూ ఇచ్చినదే అయివుండాలి.

పరిహారం సంగతి పాత డీడ్‌లో, అంటే నేల చేతులు మారినప్పటి దస్తావేజులో ఉంటుంది. ఎప్పుడో రైలు కంపెనీ ఆ నేలను సర్వహక్కులతో కొనుక్కుని ఉంటే మీకు రావలసిందేమీ లేదు. రైలు నడుపుకోవడానికి దారి హక్కు, అంటే ఈజ్‌మెంట్ మాత్రమే తీసుకుని ఉంటే కథ మారుతుంది. రైలు అవసరం తీరాక తిరిగి రావలసిన నేలను ట్రైల్ కోసం ఆపినందుకు ప్రభుత్వం డబ్బు చెల్లించాల్సి రావచ్చు. వెర్మాంట్‌కు చెందిన దంపతుల కేసులో సుప్రీంకోర్టు 1990లో ఈ చట్టం చెల్లుతుందంటూనే, నేల పోయినవారు పరిహారం అడగవచ్చని చెప్పింది. 1996లో ఫెడరల్ అప్పీలు కోర్టు, అలా ట్రైల్ చేయడం ప్రభుత్వం వారి ఆస్తిని తీసుకోవడమేనని తేల్చింది. మీ సొంత డీడ్‌లో హద్దు లైను అంచుదాకా ఉందా, మధ్య గీతదాకా వస్తుందా అన్నదీ ముఖ్యమే. అది రాష్ట్ర చట్టాన్ని బట్టి తేలుతుంది.

చాలామంది పొరబడేది తేదీ దగ్గర. పట్టాలు పీకిన రోజునుంచో, ట్రైల్ తెరిచిన రోజునుంచో కాదు, మొదటి నోటీసు వెలువడిన రోజునుంచే ఆరేళ్ల గడువు నడుస్తుంది. తర్వాత ఎన్ని పొడిగింపులు ఇచ్చినా అది మళ్లీ మొదలవదు. ఆ రోజున ఇల్లు ఎవరిదో పరిహారమూ వారిదే. 2023 నాటికి మీదే కాబట్టి, నేలపై హక్కు తేలితే మీరు అడగవచ్చు. 2029లో ఆ తేదీ దాటిందా, ఫెడరల్ ప్రభుత్వం నుంచి డబ్బు కోరే కేసులు వినే కోర్ట్ ఆఫ్ ఫెడరల్ క్లెయిమ్స్ గుమ్మం మూసుకుపోయినట్టే.

ఇలాంటి లైన్ల పక్కన ఉండేవారికి లాయర్ల నుంచి ఉత్తరాలు వస్తుంటాయి. సంతకం పెట్టేముందు పరిహారంలో వాళ్ల వాటా ఎంతో చదవండి. కేసు గెలిస్తే సమంజసమైన లాయరు ఫీజు ప్రభుత్వమే ఇవ్వాలని చట్టంలో ఉంది.

పరిహారం వచ్చినా ట్రైల్ ఆగదు, ఆపాలని నేనూ చెప్పను. మీ పిల్లలు రోడ్డెక్కకుండా సైకిలు తొక్కే చోటు అది. అమ్మగారి మడి లైను హద్దులో ఉంటే ఇవతలికి మార్చండి. రెండు మూడేళ్ల సాగుతో ఆ నేలపై హక్కు పుట్టదు. కౌంటీ సమావేశానికి వెళ్లి పెరటివైపు చెట్ల వరుస, ట్రైల్‌లోకి చిన్న గేటు అడగండి. నోటీసు తేదీ బోర్డు వెబ్‌సైటులో, పాత డీడ్ కౌంటీ రికార్డర్ ఆఫీసులో దొరుకుతాయి. ఆ రెండూ తీయించి, ఒహాయోలో ఆస్తి కేసులు చూసే లాయరుకు ఈ నెలలోనే చూపించండి.